భుజం మీద కాలు

ఈ పని అసలు ఏమిటంటే

నా తర్వాత మా జట్టుకి ఆట నేర్పడానికి ఇద్దరు వస్తున్నారు. ఇద్దరూ బాగా ఆడినవాళ్ళే. నా భయమూ అదే. బాగా ఆడేవాడికి తను ఎలా ఆడుతున్నాడో తెలియదు. నేనూ అలాంటివాణ్ణే. ఎగిరితే బంతి చేతికొచ్చేది, అంతవరకే తెలుసు. పక్కవాడు ఎందుకు ఎగరలేకపోతున్నాడని ఎవరైనా అడిగితే, వాడు కూడు సరిగ్గా తినడని చెప్పేసేవాణ్ణి.

ఎన్ని కప్పులు గెలిచాం, ఏ దొర చేతుల మీదుగా పుచ్చుకున్నాం అన్నవన్నీ క్లబ్బు గోడ మీద ఫొటోల్లో ఉన్నాయి. వాటిలో నేను ఎప్పుడూ ఎడమ చివర చేతికర్ర పట్టుకుని, కోపంగా కనబడతాను. అది కోపం కాదు, కళ్ళలో ఎండ. ఫొటోల్లో లేని సంగతులే ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా మొదటి ఏడాదివి. ఆ ఏడాది నేను నేర్పలేకపోయి ఉంటే నన్నూ నా పెళ్ళాన్నీ ఓడెక్కించి పంపేసేవాళ్ళు.

ఆట నేర్పడమంటే గట్టున నిలబడి కేకలెయ్యడమని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని కొన్ని నెలలు గొంతు పాడుచేసుకున్నాను. మీరు పాడుచేసుకోకండి.

కోడిగుడ్డు బంతి

మాది మలాయాలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరు దాటాక వచ్చే రబ్బరు తోట. మా అయ్య విశాఖపట్నం జిల్లా నుంచి, కూలీల్ని పోగుచేసి తెచ్చే కంగాణి వెంట వచ్చినప్పుడు నేను ఆరేళ్ళవాణ్ణి. పదేళ్ళకి గడ్డి పీకే గుంపులో చేరాను, పదిహేనేళ్ళకి చెట్టు గీసే కత్తి పట్టాను. తెల్లవారకముందే బెరడు గియ్యడం, ఎండెక్కాక చిప్పల్లో పడిన పాలు పోగుచెయ్యడం, కావడికి రెండు బకెట్లు కట్టుకుని గుట్ట దిగడం. నా బతుకు అదే అయ్యుండేది, ఆ దొర రాకపోతే.

పెద్ద యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకి మా తోటకి ఆస్ట్రేలియా దొర వచ్చాడు. మిగతా దొరలకి టెన్నిసూ క్రికెట్టూ ఉంటే చాలు. ఈయనకి తన దేశపు బంతాట లేకపోతే అన్నం సయించదు. ఆడడానికి తెల్లవాళ్ళు దొరక్క మమ్మల్ని పట్టుకున్నాడు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది అందించొచ్చు. తన్నిన బంతిని గాలిలో ఉండగానే పట్టుకున్నవాడికి, ఎవరూ అడ్డం రాకుండా నింపాదిగా తన్నే హక్కు ఉంటుంది. దాన్ని మేం పట్టు అనేవాళ్ళం. ఆ పట్టు కోసం ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి, భుజం మీద కాలు వేసి పైకి లేవొచ్చు. అది తప్పు కాదు, ఆటకి అందమే అదని దొర చెప్పేవాడు.

గోలుకి నాలుగు గుంజలు వరసగా ఉంటాయి, పైన అడ్డకర్ర ఉండదు. మధ్య సందులోంచి బంతి పోతే ఆరు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. దొర నేల మీద బొమ్మలు గీసి గీసి చెబుతుంటే సింహాద్రి మేస్త్రీ తేల్చేశాడు.

"నాలుగు రబ్బరు సెట్లు ఒక వరస. అంతే కదేటి!"

సింహాద్రి మేస్త్రీ మా గీత గుంపుకి పెద్ద. తర్వాత జట్టుకి నాయకుడూ ఆయనే అయ్యాడు. ఆయన మాట నిజమని మైదానం తయారయ్యేలోపు మేం చెట్ల మధ్యే తన్నడం మొదలెట్టాం. మొదటి వారమే పాలు పడుతున్న వేళ బంతి తగిలి వరసగా చిప్పలు ఊడిపోయాయి, పాలన్నీ నేలపాలయ్యాయి. దొర ఎవర్నీ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే తన్నింది ఆయనే.

చుక్క తొణక్కుండా గుట్ట దిగిన కాళ్ళు మావి. మాకు పరుగు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా పక్కనున్న తగరపు గని జట్టుతో ఏడాదికొకసారి పోటీ పడి, ఏడేళ్ళు ఆడి ఏడేళ్ళూ ఓడాం. గని మేనేజరుదీ ఆస్ట్రేలియాయే. జట్టులో మలాయివాళ్ళు, చీనావాళ్ళు, కాపలా కాసే పంజాబీలు. వాళ్ళు మా కంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు కారు, మా కంటే దూరం తన్నేవాళ్ళూ కారు. మరి ఎందుకు ఓడుతున్నామో ఒక్కడికీ తెలియదు.

మోకాలు

ఏడో ఓటమి రోజున ఎగిరి కింద పడుతూ మోకాలు మెలితిప్పుకున్నాను. తోట ఆసుపత్రి డ్రస్సరు నొక్కి చూసి, గుట్ట ఎక్కే పని ఇక మరిచిపొమ్మన్నాడు.

అవి రబ్బరు ధర పాతాళానికి పోయిన రోజులు. తోటలు మనుషుల్ని తగ్గించుకుంటున్నాయి. పని చెయ్యలేనివాళ్ళ పేర్లు ముందుగా రాసి ఇండియా ఓడకి పంపించేస్తున్నారు. ఆ జాబితాలో నా పేరు ఎక్కిందని తోట గుమాస్తా, మేం కిరాణి అనేవాళ్ళం, చాటుగా చెప్పాడు. ఇంటికెళ్ళి నూకాలుకి చెప్పాను. నూకాలు నా భార్య. ఈ తోటలోనే పుట్టింది, అమ్మానాన్నల్ని ఈ మట్టిలోనే కలిపింది.

"ఓడెక్కడానికేటి, ఎక్కుదాం. దిగినాక ఎవులింటికెల్తాం? నాకు ఆ దేశం తెల్దు. ఎవులి గుమ్మం కాడ నిలబడి సన్నేసి పెళ్ళాన్నొచ్చినానని సెప్పాల?" అంది.

సన్నేసంటే నేనే, పుస్తకంలో సన్యాసి. ఆ దేశం నాకు మాత్రం తెలుసా? ఆరేళ్ళప్పుడు చూసిన సముద్రం ఒడ్డు ఒక్కటే గుర్తుంది. నిజం చెప్పాలంటే భయపడ్డాను. చేతికర్ర అరువడిగి బంగళా మెట్లెక్కాను.

పెద్ద దొర, ఆయన కింద పనిచేసే ఇంగ్లీషు చిన్న దొర, ఇద్దరూ వరండాలో ఉన్నారు. దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"దొరా, ఏడేళ్ళు తమరు నేర్పినారు, ఏడేళ్ళూ ఓడినాం. ఒక్క ఏడు నన్ను నేర్పనియ్యండి."

చిన్న దొర పగలబడి నవ్వాడు. కూలివాడు కూలివాళ్ళకి నేర్పితే ఎవడు వింటాడన్నాడు. పెద్ద దొర నవ్వలేదు. మూతి ముడుచుకుని, నా మోకాలి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన సగం అరవం, సగం మలాయిలో చెప్పాడు. "వచ్చే పోటీ దాకా నీ పేరు పక్కన పెడతాను. ఆ రోజున నువ్వు పనికొచ్చే మనిషివని నా కళ్ళకి కనబడాలి. లేకపోతే ఓడే."

పై వాళ్ళ గురించి మీకో మాట. మిమ్మల్ని పొగిడే దొర కంటే, మీకు గడువు పెట్టి ఆ గడువుదాకా నోరు మూసుకుని ఉండే దొర మేలు. పెద్ద దొర ఏడాదంతా మైదానానికి వచ్చి కూర్చున్నాడు, ఒక్కసారీ మధ్యలో కలగజేసుకోలేదు. ఆ గుణం నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

గట్టున కూర్చున్నాక

మొదటి వారాలు ఊరికే చూశాను. నిలబడలేను కాబట్టి బోర్లించిన పాల బకెట్టు మీద కూర్చుని చూశాను. ఆడినన్నాళ్ళూ కనబడనిది అక్కడ కూర్చున్నాక కనబడింది.

పైడయ్య అని సింహాద్రి మేస్త్రీ మేనల్లుడు, మా అందరిలోకీ ఎత్తుకి ఎగిరేవాడు. బంతి వస్తోంది. ముందు ఒకడున్నాడు. పైడయ్య వెనకనుంచి లేచాడు, మోకాలు వాడి వీపుకి తగిలింది. తగలగానే పైడయ్య చెయ్యి బంతి వైపు పోవడం మానేసి కిందికి దిగింది, వాడి భుజం తాకింది, తాకిన వేళ్ళు కళ్ళకి అద్దుకున్నాయి. ఈలోగా బంతి దాని దారిన అది పోయింది.

మన కాలు మనిషికి తగిలితే ఏం చేస్తాం? అదే చేస్తాం. లయం అనే మా కూలి ఇళ్ళ వరసలో నిద్రపోయేవాణ్ణి దాటుతుంటే తగిలినా అంతే, పెళ్ళి పందిట్లో తగిలినా అంతే. చెయ్యి మనల్ని అడగదు. పైడయ్య ఒక్కడే కాదు, జట్టులో పద్దెనిమిది మందిదీ అదే వరస. కొందరు తగులుతుందేమోనని అసలు ఎగరడమే మానేశారు. నా ఆట నేను గుర్తుచేసుకుంటే తెలిసింది, నేనూ ఒక్కడి మీదా కాలు పెట్టి ఎగరలేదు. ఏడేళ్ళూ మేం గని వాళ్ళ చేతిలో ఓడలేదు, మా దణ్ణాల చేతిలో ఓడాం.

దొరకి చెబితే నోరు తెరిచాడు. మీవాళ్ళు మర్యాదస్తులు, అవతలివాణ్ణి భుజం తట్టి మెచ్చుకుంటున్నారని ఇన్నేళ్ళూ అనుకున్నాడట.

నేను చేసిన తప్పు

జబ్బు తెలిసింది కదా, మందు కూడా తెలిసిపోయిందనుకున్నాను. మైదానంలో కళ్ళకద్దుకున్నవాడు రెండు చుట్లు పరిగెత్తాలని శాసనం పెట్టాను. రోజూ అరిచాను. "మొక్కకండ్రా! బంతి సూడండి, బంతి!" అని గొంతు చించుకున్నాను. పరుగులు ఎక్కువయ్యాయి, మొక్కులు తగ్గలేదు.

"సెయ్యి ఎల్లిపోతంది మావా. నా వల్ల కాదు లా," అని పైడయ్య బతిమాలాడు. వాడు నన్ను మావా అనేవాడు; మాట చివర లా అనడం మలాయివాళ్ళ నుంచి అంటుకుంది. నేను వినలేదు. నా కళ్ళ ముందు ఓడ కనబడుతోంది. ఆ సాయంత్రం వాణ్ణి పట్టుబట్టి ఒక పెద్దాయన వీపు మీదికి ఎక్కించాను, కళ్ళకద్దుకోనివ్వలేదు. బంతి పట్టాడు. నేను కర్ర ఎత్తి కేరింతలు కొట్టాను.

మర్నాడు వాళ్ళమ్మ గౌరమ్మ మా గుమ్మం ముందుకొచ్చింది. గడ్డి పీకే గుంపు మొత్తం ఆవిడంటే హడలు.

"ఏటి సన్నేసీ, నా కొడుక్కి ఏటి నేర్పుతున్నావు? నిన్నటి నించి ముద్ద ముట్టనేదు. పెద్దోడి ఈపు మీద కాలేసి ఊరకొచ్చేసినానమ్మా అని గోడకేసి తిరిగి కూకున్నాడు!"

"అప్పా, అది ఆట. ఆ దేశంలో అది తప్పు కాదు," అన్నాను.

"దేశాల గొడవ నాకెందుకు? కాలు మనదే కదేటి! బంతి కోసం మనిసిని పాడు సేస్తావా?"

నూకాలు లోపలినుంచి వింటూనే ఉంది. ఆవిడ వెళ్ళాక, "అప్ప సెప్పిందాన్లో తప్పేటుంది?" అంది. సిగ్గేసింది. నా పేరు జాబితాలోంచి తప్పించుకోడానికి ఒక పిల్లాడి అన్నం మాన్పించాను. మీరు ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాళ్ళమ్మ నేర్పినదాన్ని మీరు అరిచి మాన్పించలేరు. మాన్పించగలిగినా, మిగిలిన మనిషితో ఆట ఆడించలేరు.

పోటీ ఇంకా నెల రోజులుందనగా, ఎప్పుడో నాటిన తోట ముక్క మొదటిసారి గీతకి వచ్చింది. కొత్త చెట్లకి కత్తి పెట్టే రోజున మాకో పద్ధతి ఉంది. మేస్త్రీ కొబ్బరికాయ కొడతాడు. గీసేవాళ్ళు ఎవరి చెట్టు దగ్గరికి వాళ్ళు వెళ్ళి, బెరడు మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంటారు. గాయం చెయ్యబోతున్నాం, తప్పు కాయమని. ఆ తర్వాత కత్తి పెడతారు. పెట్టాక ఏళ్ళ తరబడి గీస్తూనే ఉంటారు, మళ్ళీ రోజూ ఆగి దణ్ణం పెట్టరు.

నేను కుంటుకుంటూ చూడ్డానికి వెళ్ళాను. పైడయ్య వంగి చెట్టుని తాకి, కళ్ళకద్దుకుని, చెయ్యి వణక్కుండా మొదటి గీత గీశాడు. పాలు తెల్లగా దిగాయి. అక్కడికక్కడే నవ్వేశాను. కొబ్బరికాయ కొట్టే వేళ నవ్వేటని సింహాద్రి మేస్త్రీ కసిరాడు.

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టాను. "మొక్కుకోవద్దని ఇంక అనను. మొక్కుకోండి. అయితే ముందే మొక్కుకోండి. సెట్టుకి మొక్కినట్టే ఆట మొదలవకముందే అవతలోళ్ళందరికీ మొక్కేసుకోండి. ఆ రోజు తగిలే కాళ్ళన్నిటికీ ఒక్కసారే."

పైడయ్య లేచి ఇంటికి పరిగెత్తాడు. అమ్మనడిగి వచ్చాడు. "సరేనంది మావా. ముందు సేసినా ఎనక సేసినా మొక్కు మొక్కేనంది," అన్నాడు. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

పోటీ రోజు

గని మైదానంలో పోటీ. ఈలకి ముందు మా పద్దెనిమిది మంది వరసగా నడిచి, వాళ్ళ పద్దెనిమిది మంది దగ్గరికీ వెళ్ళారు. ఒక్కొక్కరి భుజం తాకడం, కళ్ళకద్దుకోవడం. గని కాపలాదారు, గోలు ముందు కొండలా నిలబడే పంజాబీ, రెండడుగులు వెనక్కి వేశాడు.

"అపా ఇనీ?" అన్నాడు మలాయిలో. ఇదేమిటని.

"మాఫ్ లా, బాయ్," అన్నాడు పైడయ్య వినయంగా. క్షమించు, భాయ్ అని.

పంజాబీకి అర్థం కాక గడ్డం గోక్కున్నాడు. గని దొర గడియారం చూసుకుంటూ మా దొర దగ్గరికొచ్చి, మీవాళ్ళు దేనికి క్షమాపణ చెబుతున్నారని అడిగాడు. కాసేపు ఆగితే తెలుస్తుందన్నాడు మా దొర. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

కాసేపట్లోనే తెలిసింది. మొదటి బంతి పైకి లేచింది. పైడయ్య ఆ పంజాబీ వీపు మీద మోకాలు పెట్టి, భుజం మీద కాలు వేసి, ఆయన తలపాగా కంటే ఎత్తున బంతి పట్టాడు. దిగి వెనక్కి చూడకుండా తన్నాడు, ఆరు. ఇక మావాళ్ళు ఆగలేదు. ఎక్కని వీపు లేదు. ఏడేళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చుకుంటున్నట్టు ఎక్కారు. తోట నుంచి నడిచొచ్చిన ఆడవాళ్ళు ఈలలు వెయ్యడం ఆ రోజే మొదటిసారి విన్నాను.

గని వాళ్ళూ ఊరుకోలేదు. దెబ్బకి దెబ్బ తీశారు. చివరికొచ్చేసరికి మేం మూడు వెనకబడ్డాం. ఇంకొక్క గోలు పడితే మేం, లేకపోతే వాళ్ళు. బంతి వాళ్ళ గోలు ముందు చాలా ఎత్తుకి లేచింది. దాని కింద సింహాద్రి మేస్త్రీ చేతులు చాపుకుని నిలబడ్డాడు. ఆయనకి అంత ఎత్తు అందదు. ఆయన వెనక పైడయ్య పరిగెత్తుకొస్తున్నాడు. వచ్చి, ఆగిపోయాడు.

అవతలి జట్టు వాళ్ళందరికీ మొక్కించాను, మా వాళ్ళకి మా వాళ్ళు మొక్కుకోవాలన్న సంగతి నాకు తట్టనే లేదు. అదీ ఎవరికి? సొంత మేనమామకి, గుంపు పెద్దకి. తప్పు పైడయ్యది కాదు, పూర్తిగా నాది. ఓడ కూత చెవిలో వినబడింది.

సింహాద్రి మేస్త్రీ వెనక్కి చూశాడు. మేనల్లుడి చెయ్యి కిందికి దిగుతుండడం చూశాడు. తోటలో ఆయన ఎదురుగా ఎవరూ చెప్పులేసుకుని నడవరు. అలాంటి మనిషి మోకాళ్ళ మీద చేతులానించి, నడుము వంచి, గొంతు చించుకున్నాడు.

"ఎక్కరా అల్లుడా! మొక్కులు సాయంత్రం సూసుకుందాం, ముందు ఎక్కు!"

పైడయ్య ఎక్కాడు. మేస్త్రీ వీపు మీద రెండు కాళ్ళూ పెట్టి లేచాడు. బంతి రెండు చేతుల్లో టప్‌మని కూర్చుంది. ఆట ముగిసిన గంట మోగింది. అయితే పట్టు పట్టినవాడికి తన్నే హక్కు పోదు. పైడయ్య బంతి గడ్డిలో తుడిచి, నాలుగు గుంజల వైపు తాపీగా చూసి తన్నాడు. మధ్య సందులోంచి పోయింది.

నేను కర్ర పారేసి పరిగెత్తాను. మోకాలు గుర్తొచ్చేలోపు పడ్డాను. పడినచోటే ఏడ్చాను. పంజాబీ వచ్చి నన్ను లేపి, వచ్చే ఏడు తనూ ముందే క్షమాపణ చెబుతానని మలాయిలో అన్నాడు. అన్నట్టే చెప్పాడు కూడా. ఆ తర్వాత రెండు జట్లకీ అదే ఆనవాయితీ అయింది.

గెలిచాం కాబట్టి నా పద్ధతి గొప్పదని మీకు చెప్పడం లేదు. ఆ మేస్త్రీ వంగకపోతే నేను ఓడిపోయిన మాస్టర్నే. జట్టుకి నాయకుణ్ణి ఎంచుకునేటప్పుడు ఎవడు ఎత్తుకి ఎగురుతాడని చూడకండి. ఎవడు వంగగలడో చూడండి. తర్వాత ఎన్ని జట్లు తయారుచేసినా నేను ఆ ఒక్కటే చూశాను, ఎప్పుడూ మోసపోలేదు.

మర్నాడు

తెల్లవారుజామున పేర్లు పిలిచే చోటుని మేం పెరట్టు అంటాం. అందరూ వరసల్లో నిలబడతారు, పిలిచినవాడు తప్ప ఎవరూ నోరెత్తకూడదు. ఆ రోజు పెద్ద దొర స్వయంగా వచ్చాడు, పక్కన చిన్న దొర. కిరాణి పుస్తకం తెరిచి పేరూ పనీ చదువుతున్నాడు. ఒకరికి గీత, ఒకరికి గడ్డి, ఒకరికి రబ్బరు ఆరబెట్టే పొగ గది.

"సన్యాసి," అన్నాడు. ఆగాడు. ఏడాదిగా నా పేరు పక్కన పని గడి ఖాళీగా ఉంది. తల ఎత్తి, "దొరా, పని ఏమని రాయమంటారు?" అన్నాడు.

దొర నోరు తెరిచేలోపే గడ్డి గుంపులోంచి గౌరమ్మ గొంతు ఖంగుమంది.

"బంతి మాస్టరని రాయండి బాబూ!"

పెరట్టులో ఒకరు నోరెత్తడమే తప్పు. ఆవిడ వెనక పైడయ్య అందుకున్నాడు, ఆ వెనక సింహాద్రి మేస్త్రీ, ఆ వెనక వరసలన్నీ. బంతి మాస్టరు, బంతి మాస్టరు అని తోట మొత్తం అరిచింది. పెద్ద దొర తలూపాడు. చిన్న దొర అటూ ఇటూ చూసి, కిరాణి భుజం మీంచి వంగి, అలాగే రాయమని వేలు పెట్టి చూపించాడు. కిరాణి రాశాడు.

నూకాలు గడ్డి గుంపు చివర నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. కిరాణి గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"సన్యాసి. బంతి మాస్టరు. హాజరా?"

"హాజరు!" అన్నాను, గని దాకా వినబడేంత గట్టిగా.